రాతి మీద ఊపిరి

పొద్దున ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాల పోయి, ఇంటర్ పిల్లలకు కణం గురించి చెప్పి, చీకటి పడేలోపు మళ్లీ ఆళ్లగడ్డ చేరడం నా బతుకు. కిటికీ పక్కన సీటు దొరికితే కూర్చుని నిద్ర, దొరక్కపోతే కమ్మీ పట్టుకుని నిద్ర. అలసట గురించి నాకంటే బాగా ఎవరూ పాఠం చెప్పలేరని స్టాఫ్ రూములో అంటుంటాను. వాళ్లు నవ్వుతారు. నవ్వించడానికి అనడం లేదని వివరించే ఓపిక నాకుండదు.

ఇంట్లో మా ఆయన ఉంటాడు. శిల్పి. ఆళ్లగడ్డలో ఆ మాట చెబితే ఎవరూ తలెత్తి చూడరు. రోడ్డు పొడవునా షెడ్లే, షెడ్ల ముందు నందులు, వినాయకులు, చేయి చాపిన నాయకులు, అందరూ ఎండలో నిలబడి లారీ కోసం ఎదురు చూస్తుంటారు. మా షెడ్డు కూడా అక్కడే ఉంది. కానీ మా ఆయన దాని గడప తొక్కి చాలా కాలమైంది. ఏళ్ల తరబడి పీల్చిన రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంది. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్, ముక్కుకు గొట్టం. షెడ్డును మా మరిది, అంటే ఆయన తమ్ముడు, నడుపుతున్నాడు.

ఆయన ఆఖరుగా మొదలుపెట్టిన రాయి ఒక అమ్మవారిది. ఆత్మకూరు అవతల, అడవి అంచున ఉన్న ఒక ఊరివాళ్లు అడిగారు. ముఖమూ చేతులూ ఆయన చెక్కాడు, మిగతాది మరిది పూర్తి చేశాడు. కళ్లు మాత్రం వదిలేశారు. విగ్రహాన్ని గుడిలో నిలబెట్టాకే కళ్లు తెరవాలి. ఆ పని రాయి మీద మొదటి దెబ్బ వేసిన చేతిదే అని మా ఇంట్లో పట్టింపు. ఆ ఊరికి పోయి ఆ కళ్లు తన చేత్తో తెరవాలని మా ఆయన పట్టుబట్టాడు. వరండాలోకి నడిస్తే ఆయాసపడే మనిషి. ఆ పనికి ఆయన ఊపిరి చాలుతుందా అన్నదే ఆ రోజుల్లో నన్ను పట్టుకున్న దిగులు. కాలేజీలోనూ అదే, బస్సులోనూ అదే.

కణశ్వాసక్రియ పాఠాన్ని నిద్రలో లేపినా చెబుతాను. కణం గ్లూకోజును భగ్గున కాల్చదు, మెల్లమెల్లగా విరుస్తుంది. అందులో వచ్చిన శక్తిని ఏటీపీ అనే చిన్న అణువులో దాచుకుంటుంది. ఆ పని చివరిదాకా సాగేది మైటోకాండ్రియాలో, దానికి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ అందకపోతే పని సగంలో ఆగిపోతుంది, కణం అరకొర శక్తితో సర్దుకుంటుంది. అరకొర శక్తితో సర్దుకోవడం ఎలా ఉంటుందో పిల్లలకు చెప్పేటప్పుడు నేను పుస్తకం చూడనవసరం లేదు.

ఆ పాఠం నడుస్తుండగా ముందు బెంచీ పిల్ల లేచి అడిగింది. "మేడం, కండరం ముడుచుకునేదానికి శక్తి కావాలన్నారు, సరే. వదిలేసేదానికి గూడా ఎందుకు మేడం? వదిలేస్తే ఊరికే పోదా?"

"పోదు" అన్నాను. కండరంలో రెండు రకాల పోగులుంటాయి. ఒకదానికి చిన్న చిన్న చేతుల్లాంటివి ఉండి రెండోదాన్ని పట్టుకుని లాగుతాయి. పట్టుకున్న చేయి వదలాలంటే కొత్త ఏటీపీ వచ్చి దాని మీద కూర్చోవాలి. రాకపోతే పట్టు పట్టుగానే ఉండిపోతుంది. చనిపోయినవాళ్ల ఒళ్లు బిగుసుకుపోయేది అందుకే. గంట కొట్టినా ఎవరూ లేవలేదు, నేనే ముందు బయటికి నడిచాను.

ఆ సాయంత్రం ఆయనకు ఈ సంగతి చెప్పాను. ఆయనకు నా పాఠాలంటే ఇష్టం. మంచంలో ఉన్నవాడికి ఏదో ఒక కాలక్షేపం కావాలి గదా.

"వదిలేదానికి గూడా శక్తి కావాల్నా?" అని నవ్వి, దగ్గి, తేరుకుని అన్నాడు. "బలే పెట్టినాడుమే దేవుడు."

ఇక డీఎన్ఏ సంగతి. దాని గురించి మా ఇంట్లో జరిగినంత చర్చ నా కాలేజీలో ఎన్నడూ జరగలేదు. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా మామగారు దగ్గుతూ ఉండేవాడు. ఆయన తండ్రి కూడా దగ్గి దగ్గే పోయాడట. మా అత్త నన్ను పక్కకు పిలిచి, ఇంటి ఆచారం ఒకటి చెబుతున్నట్టుగా చెప్పింది. "మా ఇంట్లో మొగోళ్లకు నడీడులో దగ్గొస్తాదమ్మా. వంశంలో ఉండాది. నువ్వేం బయపడాకు." ముక్కు తాతది, చేతివాటం తండ్రిది, దగ్గు ఇద్దరిదీ. ఉలి కూడా ఆ ఇద్దరి నుంచే వచ్చిందని, దగ్గు ఉలి వెంబడే వచ్చిందని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. రక్తంలో ఉంది, అంతే. జీవశాస్త్రం చదివి వచ్చిన కోడలినైన నేను దుమ్ము అని నోరు తెరిస్తే, మా అత్త నా మీద జాలిపడి కాఫీ ఇచ్చేది.

తర్వాత మా ఆయనకు దగ్గు మొదలైంది. మొదట టీబీ అనుకున్నాం. చివరకు నంద్యాలలో డాక్టరు స్కాను వెలుతురుకు పెట్టి, ఊపిరితిత్తుల నిండా ఉన్న మచ్చలు చూపించి, ఇది రాతి దుమ్ము పనే అని చెప్పాడు. ఇంటికొచ్చాక అడిగాడు.

"నువ్వు చెప్తావే డీఎన్ఏ అని. అదేనా ఇది?"

అవునని చెప్పమని ఆయన మొహమే అడుగుతోంది. రక్తంలో ఉన్నదైతే ఎవరి తప్పూ కాదు. నాకు అబద్ధం చెప్పాలనిపించింది కూడా. కానీ రోజంతా నిలబడి అదే పాఠం చెప్పి వచ్చిన నోటికి అబద్ధం తిరగలేదు.

"కాదయ్యా" అన్నాను. "మీ షెడ్డు లోపలి గదిలో అమ్మవారి అసలు పటం ఉంటుంది కదా. దాన్ని ఎప్పుడైనా రాయి దగ్గరికి తెస్తారా?"

"యాడ తెస్తాం? దుమ్ముకు పాడయిపోదూ. నకలు గీసుకుని తెస్తాం."

"నీ ఒంట్లోనూ అంతే. అసలు పటం డీఎన్ఏ. అది కణం మధ్యలో కేంద్రకంలో ఉంటుంది, బయటికి రాదు. పని పడినప్పుడు అందులో కావలసిన ముక్కకు నకలు తీస్తారు. దాన్ని ఆర్ఎన్ఏ అంటాం. నకలు బయటికొస్తుంది. బయట రైబోసోములని పనివాళ్లుంటారు. వాళ్లు నకలు చదువుకుంటూ ఒక్కో ముక్కా అతికించి ప్రోటీన్ తయారు చేస్తారు. నీ పటం బాగానే ఉంది. నకలూ బాగానే ఉంది. ఎవరూ తప్పు గీయలేదు."

"మరి ఈ మచ్చలేందీ?"

చెప్పాను. దుమ్ము లోపలికి పోతే కాపలా కణాలు దాన్ని మింగుతాయి. రాయిని అరిగించుకోలేక చచ్చిపోతాయి, దుమ్ము మళ్లీ బయటపడుతుంది, ఇంకో కాపలా కణం వచ్చి మింగుతుంది. ఈ గోల విని, గాయమైందనుకుని బాగుచేసే కణాలు వస్తాయి. వాటికి తెలిసిన పని ఒకటే, కొలాజెన్ అనే ప్రోటీన్ నేయడం. చేయి తెగితే మాన్చేది కూడా ఆ ప్రోటీనే. లోపల దుమ్ము ఉన్నంత కాలం అవి నేస్తూనే ఉంటాయి. మెత్తగా ఉండవలసిన ఊపిరితిత్తి గట్టిపడుతుంది, ఆక్సిజన్ దాటే దారి మూసుకుపోతుంది.

ఆయన తన అరచేతుల్ని చూసుకున్నాడు.

"అంటే లోపల పనోళ్లు పని బాగానే చేస్తాండారు" అన్నాడు. "సాలు అని చెప్పేవాడే ల్యాడు."

"అంతే."

"మా నాయనకు గూడా ఇదేనా?"

"ఇదే."

బయట షెడ్డులో మరిది రాయి కోసే మిషన్ పెట్టాడు. ఆ మోత ఇంట్లోకి వస్తోంది. ఆయన అటు తల తిప్పి అడిగాడు.

"అయితే వానికి?"

చెప్పేదేముంది, ఆయనకు అర్థమయ్యే అడిగాడు.

ఆ దుమ్ము ఎలా లోపలికి పోతుందో చూడడానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు, మా షెడ్డు ముందు కాసేపు నిలబడితే చాలు. మిషన్ దుమ్ము ఎటూ ఉంది. దానికి తోడు, సన్న పని వచ్చేసరికి శిల్పి ఉలితో నాలుగు దెబ్బలు కొట్టి, వంగి, మొహం రాతికి జానెడు దూరంలో పెట్టి ఉఫ్ అని ఊదుతాడు. దుమ్ము లేచి తిన్నగా ఆ మొహం మీదికే వస్తుంది. మళ్లీ నాలుగు దెబ్బలు, మళ్లీ ఉఫ్. తండ్రి ఊదాడు కాబట్టి కొడుకు ఊదుతాడు. పనికి కొత్తగా వచ్చినవాడికి ఉలి పట్టడం కంటే ముందు ఊదడం వస్తుంది.

నేను కుంచెలు కొన్నాను. మాస్కులు తెచ్చాను. ఆయన బాగున్న రోజుల్లో ఒకసారి మాస్కు పెట్టుకుని, ఊదబోయి, నా వైపు చూశాడు. "ఇది పెట్టుకుంటే ఎట్ల ఊదేది?" కుంచెతో తుడువు అంటే, కుంచె దుమ్మును గీతలోకే తోస్తుంది, ఊదితేనే గీత తెలుస్తుంది అనేవాడు. మాస్కు గడ్డం కిందికి దిగింది, ఇక అక్కడే ఉండిపోయింది. మా కాపురంలో అన్నం తిను అన్నదానికంటే ఊదొద్దు అన్నదే ఎక్కువసార్లు అని ఉంటాను. ఆయన మంచాన పడ్డాక అదే మాట మరిదికి చెప్పడం మొదలుపెట్టాను. మరిది మంచివాడు, నేను కనిపించగానే మాస్కు పైకి లాగుతాడు. నేను ఇంట్లోకి రాగానే వెనక ఉఫ్ మని వినిపిస్తుంది. అన్న పిలిచి చెప్పినా అంతే. "సరేలే అన్నా" అంటాడు, మాస్కు గడ్డానికి దిగుతుంది. చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. ఒక దశలో మానేశాను.

అమ్మవారిని అడిగిన ఊరి పెద్దలు వచ్చి, గుడి సిద్ధమైంది, కళ్లు తెరవడానికి రమ్మన్నారు. మరిదిని పంపమని వాళ్లూ మెల్లగా అన్నారు, ఈయన పరిస్థితి చూసి. ఈయన మాత్రం నేనే వస్తానని మాట ఇచ్చేశాడు. వాళ్లు గేటు దాటగానే నేను మొదలుపెట్టాను.

"చేయి సంగతి కాదయ్యా నేననేది. నీ చేతికేం కాలేదు. అక్కడ నిలబడ్డానికి ఊపిరి యాడుంది నీకు?"

"సిలిండరు పెట్టుకుంటా."

"ఉలి ఎత్తిన ప్రతిసారీ ఎంత ఆక్సిజన్ పోతుందో తెలుసునా?"

"నీకు తెలుసు గదా. నువ్వు రా."

నాకు కోపమొచ్చింది. పక్షానికి రెండుసార్లు ఆస్పత్రి, కరెంటు పోతే మిషన్ కోసం పరుగులు, కాలేజీలో సెలవు అడిగి అడిగి తలవంచుకోవడం, ఇవన్నీ ఒకేసారి గొంతులోకొచ్చాయి. ఒక రాతి కళ్ల కోసం ఉన్న కాస్త ఊపిరీ పోగొట్టుకుంటావా అని అరిచాను. ఆయన నేను అరవడం అయ్యేదాకా ఆగాడు.

"మేయ్" అన్నాడు. "ఉలి ఒగసారి పట్టుకుని వదిలేస్తా. పట్టుకోకుండా వదిలిపెట్టమంటే ఎట్లమే?"

నేను ఇక కాదనలేదు. ఒప్పుకున్నానని కాదు, కాదనడానికి కూడా శక్తి కావాలి.

కళ్లు తెరిచేవాడు ముందురోజు నుంచీ ఉపవాసం ఉండాలి. దాని మీద ఇంకో పోట్లాట. ఒంట్లో గ్లూకోజు లేకుండా ఆక్సిజన్ ఒక్కటీ ఉండి ఏం లాభం, పొయ్యిలో కట్టె లేకుండా గాలి ఊదినట్టు అన్నాను. ఊదడం మాట నా నోట వచ్చినందుకు ఆయన నవ్వాడు. పాలు తాగితే ఉపవాసం చెడదని మా అత్త ఎప్పుడో అన్నదాన్ని గుర్తు చేసి, పాలలో చక్కెర దండిగా వేసి తాగించాను. "ఇది పాలా, పాయసమా?" అని గొణుగుతూనే తాగాడు.

కారు నంద్యాల మీదుగా పోయింది. నా కాలేజీ గేటు ముందు కారు నెమ్మదిస్తే, "ఇదేనా నువ్వు నిలబడి నిద్రపోయే బడి?" అన్నాడు. మహానంది దారి దాటాక కళ్లు మూసుకున్నాడు. సిలిండరు నా కాళ్ల మధ్య పెట్టుకుని, దాని మీటరు ముల్లు చూస్తూ కూర్చున్నాను. ముందు సీట్లో మరిది ఉలుల సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు. నల్లమల కొండలు కనిపించాక దారి బాగాలేదు, ప్రతి గుంటకూ ఆయన మొహం చూశాను.

గుడి చిన్నది, కొత్త సున్నం వాసన. అమ్మవారి కళ్లకు పసుపు గుడ్డ కట్టారు. జనం బయట నిలబడ్డారు. లోపల మేము ముగ్గురం, ఆ ఊరి పెద్దాయన, అద్దం పట్టుకోవడానికి పూజారి. తెరిచిన కళ్ల మొదటి చూపు అద్దంలో తన మీదే పడాలి, మనుషుల మీద పడకూడదు. మరిది పీట వేశాడు. మా ఆయన దాని మీద నిలబడ్డాడు. ఒక చేత్తో నేను సిలిండరు పట్టుకుని, ఇంకో చేయి ఆయన నడుము వెనక పెట్టాను.

గుడ్డ తీశారు. ముందు బంగారు సూదితో కనుపాప చుట్టూ గీత గీశాడు. తర్వాత చిన్న ఉలి తీసుకున్నాడు. ఒక దెబ్బ కొట్టి ఆగాడు. ఊపిరి అందాక ఇంకోటి. ఆగినప్పుడల్లా ఆయన వీపు నా అరచేతి కింద ఎగిసిపడేది. నా బుర్రలో పాఠం దానంతటదే నడుస్తోంది, రక్తం, ఆక్సిజన్, మైటోకాండ్రియా, ఏటీపీ, కండరం. ఎక్కడా తప్పిపోవద్దు, ఇంకొక్క దెబ్బకు సరిపోండి అని ఆ కణాలన్నిటికీ దండం పెట్టుకున్నాను. విగ్రహానికి పెట్టలేదు.

రెండో కన్ను కూడా అయింది. కానీ గీతల నిండా దుమ్ము. అది పోతే గాని కన్ను సరిగ్గా వచ్చిందో లేదో తెలియదు. ఆయన అలవాటుగా వంగాడు, మొహం రాతికి దగ్గరగా పెట్టాడు, పెదాలు గుండ్రంగా చుట్టాడు. ఏమీ రాలేదు. సన్నగా ఈల లాంటిది వచ్చి ఆగిపోయింది. దుమ్ము కదల్లేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. దగ్గు వచ్చింది. పెద్దాయన తల దించుకున్నాడు.

మరిది ముందుకొచ్చాడు. మాస్కు ఎప్పట్లాగే గడ్డం కింద ఉంది. "నేనూదుతాలే అన్నా" అని వంగాడు.

మా ఆయన చేయి అడ్డం పెట్టి తమ్ముణ్ని ఛాతీ మీద వెనక్కి నెట్టాడు. అంత బలం ఎక్కడిదో.

"నువ్వొద్దు" అన్నాడు. ఊపిరి కోసం ఆగి మళ్లీ అన్నాడు. "నీకింకా చానా రాళ్లుండాయి. ఊదాకురా."

దుమ్ము అంటిన వేళ్లతోనే తమ్ముడి గడ్డం కింది మాస్కు పట్టుకుని ముక్కు మీదికి లాగాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వూదుమే."

పెద్దాయన ఇబ్బంది పడ్డాడు. "నోటి గాలి గదప్పా... ఎంగిలి గాదా?"

"ఇంకా రాయే అన్నా" అన్నాడు మా ఆయన. "అద్దం సూపిచ్చినాక గదా అమ్మయ్యేది."

సిలిండరు మరిది చేతికిచ్చి ముందుకు జరిగాను. అమ్మవారి మొహం అంత దగ్గర నుంచి చూడలేదెప్పుడూ. ఇన్నేళ్లూ ఊదొద్దు ఊదొద్దు అని అరిచిన నోటితో గట్టిగా ఊదాను. దుమ్ము లేచి నా మొహం మీదికొచ్చింది, పెదాలకు అంటింది. ఇంకో కన్ను కూడా ఊదాను. గీతలు తేటగా కనిపించాయి. అవి ఆయన చేతి గీతలే, ఎక్కడా వణకలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆయన కాసేపు చూసి, ఒక్క చిన్న దెబ్బ వేసి, "సాలు" అన్నాడు.

పీట దిగాడు గాని ఉలి చేతిలోనే ఉంది. వేళ్లు విచ్చుకోలేదు. "రావడం ల్యాదుమే" అని తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు. నేను ఒక్కో వేలూ విప్పి ఉలి తీశాను. పూజారి అద్దం ఎత్తాడు, మేము పక్కకు తప్పుకున్నాం, బయట డప్పులు మొదలయ్యాయి.

తిరుగు దారిలో ఆయన నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. నోట్లో రాతి రుచి అలాగే ఉంది. ఇంకెవరైనా అయితే నీళ్లు పోసి పుక్కిలించమనేదాన్ని. నేను ఉమ్మలేదు. ముందు సీట్లో మరిది మాస్కు పెట్టుకునే కూర్చున్నాడు. అద్దాలన్నీ ఎక్కించిన కారులో దుమ్మెక్కడిది, తీసెయ్యి నాయనా అన్నాను. వినిపించుకోలేదు. ఆళ్లగడ్డలో దిగేటప్పుడు చూశాను, కళ్ల కింద మాస్కు పై అంచు తడిసి ఉంది. అప్పటికీ తీయలేదు.